మీకు తెలుసా? ఆ బురదే గ్యాస్‌నీ చేసింది, అడవినీ నిలిపింది

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచినవాళ్లకు ఒక వాసన గుర్తుండిపోతుంది. పాటు వేళ నీరు తీసి బురద బయటపడగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున కొడుతుంది. అది ఎవరో పోసిన చెత్త వల్ల వచ్చేది కాదు. ఆ అడుసులోకి గాలి చొరబడదు. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు రాలిన ఆకులను కుళ్లబెడుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి, ఇంకొన్ని మీథేన్ తయారుచేస్తాయి. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో ఉన్న కేజీ-డీ6 బావుల నుంచి 2009 ఏప్రిల్‌లో పైకి రావడం మొదలైన గ్యాస్ కూడా చాలావరకు ఇలాంటి సూక్ష్మజీవుల పనే. నదులు లక్షల ఏళ్లపాటు మోసుకొచ్చి పోసిన ఒండ్రులో అది పుట్టింది. పైపులో పారే గ్యాస్‌కీ కోరంగి బురద వాసనకీ దగ్గరి చుట్టరికమే!

ఆ గ్యాస్ ఒడ్డెక్కేది గాడిమొగ దగ్గర. తీరంలో ‘మొగ’ అంటే నది సముద్రంలో కలిసేచోటు. అక్కడ బయల్దేరిన పైపులైను గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్తుంది. గాడిమొగా, కోరంగి ఊరూ రెండూ తాళ్లరేవు మండలంలోనివే. 1978లో ప్రకటించిన కోరంగి అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే.

మడ చెట్టు మొదట్లో, పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు బురదలోంచి నిటారుగా లేచినవి మొక్కలు కావు, ఊపిరి వేర్లు. కింద గాలి లేదు కాబట్టి చెట్టు తన వేళ్లను పైకి పంపి, వాటి సన్నని రంధ్రాలతో గాలి పీలుస్తుంది. పోటుకు మునుగుతాయి, పాటుకు తేలతాయి. చమురు తెట్టు పోటుతోపాటు లోపలికి వస్తే, నీరు వెనక్కి తీసేటప్పుడు ఆ జిడ్డు వేళ్లకు పూతలా అంటుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోయి చెట్టుకు ఊపిరాడదు. చమురు పడితే ఏ తీరం ఎంత దెబ్బ తింటుందో 1 నుంచి 10 వరకు అంకెలు ఇచ్చే లెక్క ఒకటుంది. అందులో మడ అడవులది 10. ఇసుక ఒడ్డయితే పైపొర ఎత్తి పారేయవచ్చు. మడ అడవిలో శుభ్రం చేయడానికి దిగిన మనిషి అడుగే చమురును ఇంకాస్త లోతుకు తొక్కుతుంది. పనామా తీరంలో 1986లో ఒక నిల్వ ట్యాంకు పగిలి చమురు మడ అడవుల్లోకి చేరింది. అయిదేళ్ల తర్వాత కూడా అది బురదలోంచి ఊరుతూనే ఉంది.

మన తీరంలో ఉన్నది గ్యాసే కదా, చమురు గొడవ మనకెందుకు అనుకుంటే పొరపాటు. 2024 జనవరిలో కేజీ బేసిన్‌లోని 98/2 బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. గ్యాస్‌నూ తేలిగ్గా తీసుకోలేం. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న అదుపు తప్పిన బావి మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అప్పటి వెలుగు ఎన్ని ఊళ్లకు కనిపించిందో ఆ తరంవాళ్లను అడగండి.

కోరంగిలో నీటిపిల్లి ఉంటుందని తెలుసా? ఊరపిల్లికి ఇంచుమించు రెట్టింపు పరిమాణంలో, బూడిదరంగు ఒంటిమీద నల్లటి మచ్చలతో ఉంటుంది. పిల్లులు నీళ్లంటే జడుస్తాయంటాం. ఇది మాత్రం చేప కోసం మునిగి ఈదుతుంది. ముందుకాళ్ల వేళ్ల మధ్య కొంతవరకు చర్మం పొర ఉంటుంది. బొచ్చు రెండు పొరలు, లోపలిది ఒత్తుగా ఉండి ఒళ్లు తడవనివ్వదు. 2018లో వేసిన లెక్కలో కోరంగిలో 115 నీటిపిల్లులు ఉన్నట్టు తేలింది. రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి పక్క ఊరివాళ్లు కూడా దాన్ని చూసింది తక్కువ. నాకు మాత్రం పులికున్నంత పేరు దీనికీ రావాలని ఉంది.

కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్ల నుంచి బయటికొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. చీకటి రాత్రి వాటికి వెలుతురంటే సముద్రపు మెరుపే. ఒడ్డున దీపాలు ఎక్కువైతే దారి తప్పుతాయి. దీపాలకు కప్పులు పెట్టి కాంతిని కిందికి దించడం పెద్ద ఖర్చు కూడా కాదు.

చమురు, గ్యాస్, ఓడరేవు, చేపల వేట, చెరువుల సాగు అన్నీ ఈ ఒక్క గోదావరి మొగ దగ్గరే ఉన్నాయి. వీటన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలని 2011లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ‘ఈగ్రీ’ అనే ప్రాజెక్టు మొదలైంది. తూర్పుగోదావరి నదీముఖ పర్యావరణానికి ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలే ఆ ఈగ్రీ.

మడను దెబ్బతీయడానికి చమురు దాకా ఎందుకు, కలప కోసం నరికిన చోట్ల మడ ఎందుకు తిరిగి మొలవలేదో చూడండి. నీడ పోయింది, ఎండకు నేల కుంగింది. పోటునీరు ఆ పల్లంలో నిలిచి ఆవిరైపోయి ఉప్పు పేరుకుంది. అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, తీరగ్రామాలవాళ్లు కలిసి అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు ఎక్కి, పాటుకు దిగి, ఉప్పును కడిగేసింది. అయితే ఒండ్రు ఊరుకోదు, ఆ కాలువలను పూడుస్తూనే ఉంటుంది. పైపులైను వాల్వులకు ఉన్నట్టే వీటికీ ఏటేటా తనిఖీ, పూడికతీతకు విడిగా డబ్బు ఉండాలి. నాటిన ఏడాది ఫొటోలు తీసి మరిచిపోయిన కాలువ గుండా పోటు నడవదు.