జీవశాస్త్ర డిగ్రీ - మన పిల్లలు

ఇంటర్లో బైపీసీ చదివి ఎం.బి.బి.ఎస్. సీటు దొరకని పిల్లలు చాలామంది బి.ఎస్సీ. జీవశాస్త్రాల్లో చేరతారు. అందుకే దాన్ని డాక్టరు సీటు రానోళ్ల చదువుగా చూడటం అలవాటైపోయింది. గజపతినగరం వంటి చోట నుంచి వచ్చే దళిత విద్యార్థికి ఆ చదువు ఎక్కడ అడ్డం తిరుగుతుందో చూద్దాం.

మొదటిది భాష. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాలు తెలుగు మీడియం పిల్లలకి దారి తెరిచాయి. నిజమే. కాని ఆ తెలుగు ఎవరిది? ఉత్తరాంధ్రలో రెల్లి కులస్తులు తరతరాలుగా పళ్లమ్ముకుని బతికారు. సీతాఫలం కళ్లు విచ్చుకుంటే కోతకొచ్చినట్టని ఆ ఇళ్లలో ఎవరూ నేర్పనక్కర్లేదు. పుస్తకంలో మాత్రం సీతాఫలం 'సంకలిత ఫలం', పనస 'సంయుక్త ఫలం', జీడిమామిడి 'అనృత ఫలం'. విషయం సులువే. ఒకే పువ్వులోని విడివిడి అండాశయాలు కలిస్తే సీతాఫలం, పూలగుత్తి మొత్తం కలిస్తే పనస. జీడిపిక్కే అసలు కాయ, మనం తినే పండు ఉబ్బిన కాడ. ఇలా చెబితే ఆ ఇంటి బిడ్డకి అర్థం కానిదేముంది?

2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చారు. ఇంగ్లీషు వద్దని మేం అనం. అది ఏ కులం సొత్తూ కాదు, మన పిల్లలకి కావలసిందే. ఇంటి మాట నుంచి ఇంగ్లీషు మాటకి చెయ్యి పట్టుకు నడిపించే పాఠం ఏదీ అన్నదే మా ప్రశ్న.

రెండోది ఎంపిక. బి.జడ్.సి.లో వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు మూడూ చదివి, పి.జి.కి వెళ్లేటప్పుడు ఒకటి ఎంచుకునేవారు. 2023-24 నుంచి వచ్చిన పద్ధతిలో ఒకే మేజర్, పక్కన ఒక మైనర్. ఇంట్లో చదువుకున్నోళ్లున్న పిల్లలకి ఇది స్వేచ్ఛ. మొదటి తరం బిడ్డకి జూదం.

మూడోది ప్రయోగశాల. చేత్తో స్లైడు చెయ్యకుండా, మైక్రోస్కోపులో కన్ను పెట్టకుండా ఈ చదువు రాదు. విజయనగరం కాలేజీకి రోజూ బస్సో రైలో ఎక్కి వచ్చే పిల్లలు, సెలవుల్లో కూలికెళ్లే పిల్లలు ఒక ప్రాక్టికల్ తప్పితే మళ్లీ ఎవరు చేయిస్తారు?

2025 ఎస్సీ వర్గీకరణలో రెల్లి, దాని ఉపకులాలకి 1 శాతం విడిగా దక్కింది. సీటు గుమ్మం దాకా తెస్తుంది, లోపల నిలబెట్టవలసింది పాఠమే. కాబట్టి సీనియర్లు ఒక పని చెయ్యొచ్చు. ఇంటి పేరు, పుస్తకం పేరు, ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు నాలుగూ ఒకే వరసలో రాసి కొత్తవాళ్ల చేతికివ్వాలి. సీతాఫలం పక్కన అనోనా స్క్వామోజా అని రాసుకున్న పిల్ల ఆ పేరుకి ఇక భయపడదు.