0.5ఎక్స్‌లో మా మార్కాపురం ఇల్లు: ఇంటి ఫోటోల దగ్గర నేను బోల్తా పడ్డ కథ

ఫోన్ కెమెరాలు రివ్యూ చేయడం నా పని. కొత్త ఫోన్ చేతికి రాగానే చార్మినార్, దుర్గం చెరువు బ్రిడ్జి, బిర్యానీ ప్లేటు, రాత్రి పూట బస్టాప్... ఇవన్నీ వరుసగా తీసేసి మార్కులు వేస్తుంటాను. అలాంటి నేను మా సొంత ఇంటిని నాలుగు ఫోటోలు తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఘోరంగా ఫెయిలయ్యాను. ఈసారి రివ్యూ ఫోన్ మీద కాదు, నా మీద.

మాది మార్కాపురం. పోయినేడాది అక్క డెలివరీ కోసం అమ్మానాన్న ఆరు నెలలు బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. తాళం వేసి వెళ్లిపోవచ్చు కదా అంటారేమో. ఇంట్లో టామీ ఉంది. పెరట్లో రెండు జామచెట్లు, అమ్మ ప్రాణంగా చూసుకునే మల్లె పొదలు ఉన్నాయి. పైగా "ఆరు నెలలు దీపం పెట్టకపోతే ఇల్లు పాడుపడుద్దిరా" అన్నది అమ్మ భయం. అద్దె అక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టుకుని, కుక్కకు ఇంత అన్నం పెట్టి, చెట్లకు నీళ్లు పోసే మంచివాళ్లు ఉంటే చాలన్నారు నాన్న.

బయటి దేశాల్లో దీన్నే హౌస్ సిట్టింగ్ అంటారు. 2010లో యూకేలో మొదలైన ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్ లాంటి సైట్లు దీని మీదే నడుస్తున్నాయి. ఓనరు జీతం ఇవ్వడు, ఉండేవాళ్లు అద్దె కట్టరు. ఒకళ్లకి ఇల్లు, ఇంకొకళ్లకి కుక్క గురించి నిశ్చింత. మా వైపు ఈ పేరు ఎవరికీ తెలీదు గానీ అవసరం మాత్రం వీధికొకటి ఉంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం, ఏ ఊళ్లో చూసినా పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. పెద్దవాళ్లు నెలల తరబడి వాళ్ల దగ్గరికి వెళ్లొస్తుంటారు.

"కెమెరాల గురించి ఊరందరికీ చెప్తావు గదా, ఆ ఫోటోలేవో నువ్వే తియ్యి" అన్నారు నాన్న. సరే అని చేతిలో ఉన్న రివ్యూ ఫోన్ తీసి, 0.5ఎక్స్ నొక్కి, ప్రతి గది మూలన నిలబడి టకటకా తీసేశాను. అల్ట్రావైడ్‌లో మా పది బై పదకొండు బెడ్‌రూమ్ కళ్యాణ మండపంలా వచ్చింది. నాన్న చూసి, "ఏందబ్బాయ్ ఇది, మన ఇల్లేనా? ఫంక్షన్ హాల్ మాదిరి ఉండాది" అని నవ్వారు. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. నేనేమో పొగడ్త అనుకున్నా. గోడ మీద తేమ మరక ఒకటి కనిపిస్తే ఏఐ ఎరేజర్‌తో అది కూడా లేపేశా.

నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ఒక క్లాసిఫైడ్స్ యాప్‌లో పెట్టాం. రెండో రోజే గిద్దలూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. మార్కాపురంలో కొత్తగా ఉద్యోగం వచ్చిందట. ఫోటోలు చూసి ఇంట్లో అందరికీ నచ్చాయన్నారు. ఆదివారం నాడు భార్యని, వాళ్ల అమ్మని తీసుకుని వచ్చారు. ఏప్రిల్ ఎండ. మా వైపు ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో నల్లమల పక్కన పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. మా వాకిట్లో మూడు ఎత్తు మెట్లున్నాయి. బాత్‌రూమ్ పెరట్లో ఉంది. ఈ రెండూ నేను పెట్టిన తొమ్మిది ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేవు. బెడ్‌రూమ్ చూసి ఆయన ఒక్క క్షణం ఆగి, "ఫోటోలో పెద్దగా ఉందన్నా" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. అమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి, "ఏం అనుకోవద్దమ్మా" అని చెప్పి వెళ్లిపోయారు. మళ్లీ అంత దూరం, అదే ఎండలో.

అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం పెడుతూ ఒక్క మాటంది: "పెద్దామెను ఎండలో తిప్పినావు గదరా." ఎన్ని ఫోన్లకు నెగెటివ్ రివ్యూలు రాసినా నాకు ఇంత సూటిగా రాయడం చేతకాలేదు.

సరే, టెక్నికల్‌గా ఏం జరిగిందో చూద్దాం. మన ఫోన్లలో మెయిన్ కెమెరా సుమారు 24 నుంచి 26 ఎంఎం లెన్స్‌తో సమానం. 0.5ఎక్స్ నొక్కితే అది 13 ఎంఎం దాకా, లేదా ఆ చుట్టుపక్కలకి వెళ్తుంది. గదంతా ఫ్రేమ్‌లో పడుతుంది, కానీ దగ్గరున్నవి సాగుతాయి, దూరంగా ఉన్న గోడ ఇంకా దూరం జరుగుతుంది. అందుకే గది పొడవు పెరిగినట్టు ఉంటుంది. మీ ఇంట్లో నాపరాయి బండలు ఉంటే దీన్ని చెక్ చేయడం చాలా ఈజీ. బండల మధ్య అతుకులు చూడండి. ఫోటో అంచుల్లో చదరపు బండ కాస్తా గాలిపటం ఆకారంలోకి మారితే, ఆ ఫోటో గది సైజు గురించి అబద్ధం చెప్తున్నట్టే. ల్యాబుల్లో వాడే టెస్ట్ చార్టులు ఎందుకు, మా ఇంటి నేలే ఉండగా!

రెండోసారి నా ఫోన్ పక్కన పెట్టి నాన్న రెడ్‌మి నోట్ 13 5జీ తీసుకున్నా. దాంట్లో 108 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా, 8 మెగాపిక్సెల్ అల్ట్రావైడ్ ఉన్నాయి. ఇంటి ఫోటోలకి ఆ మెయిన్ కెమెరా ధారాళంగా సరిపోతుంది. నిజానికి ఈ పనికి ఫ్లాగ్‌షిప్ ఫోన్ దండగ.

ముందు లెన్స్ తుడిచాను. నవ్వకండి, పలకల ఊరు మాది. ఒకప్పుడు దేశంలో పిల్లలు దిద్దిన పలకల్లో చాలా వరకు మా మార్కాపురం రాయే. రాయి కోసే చోట గాల్లో తేలే సన్నటి పొడి లెన్స్ మీద పడితే లైట్ల చుట్టూ మసక వలయాలు వస్తాయి. ఆ తర్వాత గ్రిడ్ లైన్లు ఆన్ చేసి, ఫోన్‌ని ఛాతీ ఎత్తులో, కిందికీ పైకీ వంచకుండా నిటారుగా పట్టుకున్నా. ఫోన్ వంగితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి.

అసలు చిక్కు వెలుతురు. నల్లటి రాయి నేల వెలుగుని మింగేస్తుంది. ఫ్రేమ్‌లో నేల ఎక్కువగా ఉంటే కెమెరా "అబ్బో, చీకటి" అనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. దాంతో కిటికీ తెల్లగా పేలిపోతుంది. గోడ మీద నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, స్లైడర్‌ని కొంచెం కిందికి లాగితే రెండూ సర్దుకున్నాయి. టైమ్ కూడా మార్చాను. మధ్యాహ్నం కాకుండా పొద్దున ఎనిమిదికి, తలుపులు కిటికీలు అన్నీ తెరిచి, లైట్లు ఆపేసి తీశా. ఎండ వెలుగు, పసుపు బల్బు కలిస్తే తెల్ల గోడ రెండు రంగుల్లో వస్తుంది. చీకటి వంటగదిలో మాత్రం ఎల్ఈడీ వేయక తప్పలేదు. అక్కడ ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వచ్చాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని చవక లైట్లు సెకనుకి వంద సార్లు మినుకుమంటాయి. ప్రో మోడ్‌లో షట్టర్‌ని 1/50 లేదా 1/100 దగ్గర పెట్టండి, చారలు పోతాయి.

ఏఐ ఎరేజర్‌ని ఈసారి ముట్టుకోలేదు. శాంసంగ్ ఫోన్లలో జెనరేటివ్ ఎడిట్ చేసిన ఫోటో మూలన చిన్న గుర్తు పడటం మీరు చూసే ఉంటారు. ఆ గుర్తు ఎందుకు పెట్టారో నాకు ఆ ఆదివారం తర్వాత బాగా అర్థమైంది. వాకిట్లో పిల్లాడి చెప్పులు అడ్డంగా ఉంటే చెరిపేయండి, తప్పేం లేదు. అసలు చెరపడం కన్నా చెప్పులు పక్కకి జరపడం తేలిక. గోడ తేమ అలా కాదు, ఆరు నెలలు దాని పక్కన పడుకునేది వేరేవాళ్లు.

ఎయిర్‌బీఎన్‌బీ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2009లో న్యూయార్క్‌లో బుకింగులు కదలకపోతే, ఫౌండర్లే మంచి కెమెరా అద్దెకు తెచ్చుకుని ఇంటింటికీ తిరిగి ఫోటోలు తీశారు. వారానికి 200 డాలర్లు వచ్చే ఆదాయం 400 అయింది. అందరూ ఇందులోంచి "మంచి కెమెరా కొనండి" అని తేలుస్తారు. నాకైతే వాళ్లు ఆ ఇళ్లలోకి స్వయంగా వెళ్లి చూడటమే పెద్ద విషయంగా అనిపిస్తుంది. ఏం చూపించాలో గుమ్మంలో నిలబడితేనే తెలుస్తుంది.

మరి మా ఇంట్లో ఏం చూపించాలి? ఇది నాన్న ఐడియా. "సంపు తియ్యిరా" అన్నారు. నాకు వింతగా అనిపించింది. కాంక్రీటు మూత, పక్కన మోటారు, దాని ఫోటో ఎవడు చూస్తాడు? కానీ పశ్చిమ ప్రకాశంలో పుట్టి ఈ మాట అడగడం నా బుద్ధి తక్కువ. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రాంతం ఇది. బోర్లు ఎండిపోతాయి, పడ్డ నీళ్లలోనూ చాలా చోట్ల ఫ్లోరైడ్. హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్ చూసి ఫోన్ చేస్తారేమో గానీ, ఇక్కడ ముందు అడిగేది నీళ్లే. సంపు, మోటారు స్విచ్, మేడ మీద ట్యాంకు, తాగే నీళ్ల క్యాన్ పెట్టే చోటు, నాలుగూ తీశాను. మూడు మెట్లు పక్క నుంచి తీశా, ఎత్తు తెలిసేలా. పెరటి బాత్‌రూమ్‌ని వంటింటి గుమ్మంలోంచి తీశా, ఎంత దూరం నడవాలో అర్థమయ్యేలా. తేమ మరకని కూడా. బెడ్‌రూమ్ కొలత టేపు పట్టి చూసి కిందే రాశాను. టామీది ఒకటి, నాన్న పక్కన నిలబెట్టి. ఎంత కుక్కో తెలియాలి కదా.

సంపు ఫోటో పెట్టిన సాయంత్రమే మూడు ఫోన్లు వచ్చాయి. ముగ్గురి మొదటి ప్రశ్న ఒకటే: "నీళ్లు ఎట్టా అన్నా?"

ఇక్కడ ఇంకో తప్పు కూడా చెప్పాలి. మొదటి పోస్టులో ఇంటి ముందు భాగం డోర్ నంబర్‌తో సహా పెట్టి, "జూన్ నుంచి నవంబర్ దాకా ఇల్లు ఖాళీ" అని రాసేశా. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మా బాబాయి చూసి, "దొంగలకి ఇన్విటేషన్ కార్డు కొట్టించినావు" అన్నారు. తేదీలు, డోర్ నంబరు, బీరువా, తలుపు గొళ్లాలు పబ్లిక్ పోస్టులో వద్దు. ఫోన్‌లో మాట్లాడి నమ్మకం కుదిరాకే చెప్పండి. ఫోటోలో దాగి ఉండే జీపీఎస్ లొకేషన్ కూడా చూసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలుతో పాటే వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి తీయడం అన్నిటికన్నా మేలు. రెండు మూడు రోజులు ఊరెళ్లేవాళ్లకైతే ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది. రిజిస్టర్ చేసుకుని చెప్తే తాళం వేసిన ఇంట్లో కదలికలు పట్టే కెమెరా పెడతారు. కాకపోతే అది టామీకి అన్నం పెట్టదు.

ఆ ముగ్గురిలో ఒకరు కంభం వైపు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన టీచరమ్మ. వచ్చి ఇల్లంతా తిరిగి చూశారు. "అన్నీ ఫోటోల్లో చూసినట్టే ఉన్నాయి సార్" అని నాన్నతో అన్నారు. తేమ మరక దగ్గర ఆగి, "ఇదేనా అది?" అని నవ్వారు కూడా. తాళాలు ఇచ్చిన రోజు ఇద్దరూ కలిసి గది గదికీ ఒక వీడియో, కరెంటు మీటర్ రీడింగ్‌కి ఒక ఫోటో తీసుకున్నారు. ఒక కాపీ ఆమె దగ్గర, ఒకటి నాన్న దగ్గర. నవంబర్‌లో లెక్కలు చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఆ ఆరు నెలలూ ప్రతి ఆదివారం నాన్న ఫోన్‌కి టామీ ఫోటో వచ్చేది. ఒకసారి ఆమె తెలీక 0.5ఎక్స్‌లో, బాగా దగ్గర నుంచి తీసి పంపారు. నాన్న వెంటనే నాకు ఫోన్ చేశారు. "అబ్బాయ్, దీని మూతి ఇంత పొడుగు ఎప్పుడైందిరా?"