దారం తెగితే ఆగే మగ్గం, టయోటా మీద నమ్మకం

సెకండ్ హ్యాండ్ ఇన్నోవా బేరానికి వెళ్తే, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండైనా ఓనర్ ఓ పట్టాన రేటు తగ్గడు. "ఇంజిన్‌కి ఏం ఢోకా లేదు బ్రో" అంటాడు. ఈ నమ్మకం ఎక్కడిది?

టయోటా కథ మగ్గంతో మొదలైంది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో చేసిన ఆటోమేటిక్ మగ్గం, ఒక్క దారం తెగినా దానంతట అదే ఆగిపోయేది. లోపమున్న బట్ట తయారయ్యేది కాదు. ఆయన కొడుకు కీచిరో 1937లో టయోటా మోటార్ కంపెనీ పెట్టారు. తర్వాత ఆ మగ్గం లాజిక్కే కార్ల ఫ్యాక్టరీకీ వచ్చింది. లోపం కనబడితే వర్కర్ తాడు లాగుతాడు, అక్కడికక్కడ సరిచేయలేకపోతే లైన్ ఆగుతుంది. మన భాషలో చెప్పాలంటే, బగ్‌ని ప్రొడక్షన్‌కి వెళ్లనివ్వరు. ఓనర్ల సంతృప్తికి పెద్ద కారణం ఇదే.

మరి తప్పే జరగలేదా? జరిగింది. 2009-10లో యాక్సిలరేటర్ పెడల్ సమస్యలతో లక్షల కార్లు వెనక్కి పిలిచారు. కీచిరో మనవడు అకియో 2010లో అమెరికా కాంగ్రెస్ ముందు సారీ చెప్పి, మరీ స్పీడుగా పెరిగామేమో అన్నారు.

అందుకే పేరు చూసి డబ్బులు ఇచ్చేయకండి. సర్వీస్ రికార్డు అడగండి, ఛాసిస్ నంబర్‌తో రీకాల్ ఉందేమో చూడండి. మీ ఇంట్లో టయోటా ఉంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కామెంట్‌లో చెప్పండి!