ఆరంగుళాల కోత

జాగ్వార్ ఈ-టైప్ అనగానే దాని పొడవాటి ముక్కే గుర్తొస్తుంది. 1961లో వచ్చిన ఆ కారులో అసలు కొత్తదనం మాత్రం వెనక, అడుగున దాక్కుని ఉంది. విలియం హేన్స్ నాయకత్వంలోని ఇంజనీర్లు వెనక చక్రాలు రెంటినీ బంధించే ఒంటి ఇరుసును తీసేశారు. ఒక చక్రం గుంటలో పడ్డా రెండోది తన దారిన తాను పోతుంది. డిఫరెన్షియల్, దాన్ని ఆనుకునే ఉండే డిస్క్ బ్రేకులు, చక్రానికి రెండు చొప్పున నాలుగు స్ప్రింగులు, అన్నీ ఒక ఉక్కు చట్రంలో ఇమిడి, రబ్బరు దిమ్మల మీద బాడీకి వేలాడతాయి. మొత్తం ఒకే మూటగా కిందికి దిగొస్తుంది కాబట్టి, పాత ఫోర్డు బాడీలతో హాట్ రాడ్లు కట్టుకునే అమెరికా, బ్రిటన్ ఔత్సాహికుల కన్ను దీనిమీద పడింది. అడ్డొచ్చింది వెడల్పు. పెద్ద జాగ్వార్ సెడాన్ల నుంచి విప్పిన మూటకు లావు టైర్లు తొడిగితే, అవి సన్నటి పాత బాడీ దాటి బయటికి పొడుచుకొస్తాయి. కోసి కుదించాలి.

కంపెనీ కట్టినదాన్ని కోయడం అపచారం అనేవాళ్లున్నారు. ఆ మాట నిలవదు. అదే 1961లో జాగ్వార్ ఇదే పద్ధతిని మార్క్ 10 సెడాన్‌కు 58 అంగుళాల చక్రాల ఎడంతో, ఈ-టైప్‌కు 50 అంగుళాల ఎడంతో కట్టింది. వెడల్పు మార్చవచ్చు. కానీ దానితోపాటు ఏమేం మారతాయన్నది లెక్కగట్టాలి. జాగ్వార్ పొదుపరితనమంతా హాఫ్ షాఫ్టులో ఉంది: చక్రాన్ని తిప్పేదీ అదే, పైనుంచి పట్టుకునే చేయీ అదే. కింద మరో చేయి, విష్‌బోన్, షాఫ్టుకన్నా పొడవు. అందుకే చక్రం పైకి లేచినప్పుడు దాని పైభాగం కొంచెం లోపలికి వాలుతుంది. ఉజ్జాయింపుకు షాఫ్టు 400, కింది చేయి 500 మిల్లీమీటర్లు, వాటి మధ్య ఎత్తు 200 అనుకుందాం. చక్రం 50 మిల్లీమీటర్లు లేస్తే వాలు 0.18 డిగ్రీలు. మొత్తం ఆరంగుళాలు తగ్గించాలని రెండు చేతుల్లోనూ పక్కకు 75 మిల్లీమీటర్లు కోస్తే అదే ఎత్తుకు వాలు 0.26 అవుతుంది. కోత రెంటికీ సమానమే, కానీ పొట్టిదానికి అది పెద్ద వాటా. షాఫ్టు కీళ్లు వంగే కోణం కూడా 7 డిగ్రీల నుంచి దాదాపు 9కి పెరుగుతుంది.

ఆదివారం ప్రదర్శనకు మెల్లగా నడిపే బండికి ఈ పావు డిగ్రీ గొడవెందుకని అడగొచ్చు. వాలు విషయంలో ఆ మాట నిజమే. టైరు కొంచెం అరుగుతుంది, అంతే. స్ప్రింగు సంగతి వేరు. స్ప్రింగు కూర్చునే చోటు కదలకుండా దానికి బయటివైపు కోస్తే, 500 పొడవు 425 అయిన చేతి మీద అదే స్ప్రింగు చక్రం దగ్గర సుమారు 38 శాతం బిరుసుగా పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ నిష్పత్తి వర్గమవుతుంది. బరువైన సెడాన్‌కు సరిపడిన స్ప్రింగు, తేలికైన హాట్ రాడ్ కింద, పైగా మరింత బిరుసై: వెనక సీటు గుర్రపుబండి అవుతుంది. ఇక వెల్డింగు. మామూలు కారులో డ్రైవ్ షాఫ్టు విరిగితే బండి ఆగిపోతుంది. ఇక్కడ విరిగితే చక్రాన్ని పైనుంచి పట్టుకునేదే ఉండదు. నెమ్మదిగా నడిపినంత మాత్రాన ఆ అతుకుకు మినహాయింపు దొరకదు.

ఇంత తిప్పలు పడేకన్నా ఒంటి ఇరుసును కోసి వేసుకోవచ్చు కదా అనేది గట్టి ప్రశ్నే. డ్రాగ్ రేసుకైతే అదే మేలు: కోతతో మారే కోణాలేవీ అందులో లేవు. గతుకుల దారికి మాత్రం డిఫరెన్షియల్, బ్రేకుల బరువును చక్రం మోయనక్కర్లేకపోవడమే జాగ్వార్ మూటకున్న అసలు లాభం. కోత షాఫ్టుకూ కింది చేతికీ పరిమితమైతే ఆ లాభం చెక్కుచెదరదు. బిగింపయ్యాక చక్రం నిటారుగా ఉందో లేదో చూసి, షాఫ్టు అంచుకూ బ్రేక్ డిస్కుకూ మధ్య పలుచటి రేకు షిమ్ములు పెడతారు, లేదా తీస్తారు. జాగ్వార్ కూడా అక్కడే సరిచేసింది. ఆ షిమ్ములు బండి నిలబడి ఉన్నప్పటి వాలును దిద్దుతాయి. చక్రం లేచినప్పుడు అది ఎంత వాలాలో కోతప్పుడే ఖాయమైపోయి ఉంటుంది.