కైరో వీధులలో మహిళలు: 1919 మార్చి ఊరేగింపు, దాని పర్యవసానాలు

ముస్లిం దేశాలలో స్త్రీల హక్కుల ఉద్యమాన్ని గురించి వ్రాసేవారిలో చాలామంది 1923లో కైరో రైలు స్టేషనులో జరిగిన ఒక్క సంఘటనతోనే కథను ప్రారంభిస్తారు. రోమ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహిళా ఓటుహక్కు మహాసభ నుండి తిరిగి వచ్చిన హుదా షఅరావీ, ఆమె సహచరి సైజా నబరావీ అక్కడ ముఖముసుగు తొలగించారన్నది ఆ సంఘటన. అది జరిగిన మాట వాస్తవమే. కాని దానికి నాలుగేండ్ల ముందే, ముఖాన ముసుగు ఉండగానే, అదే నగర వీధులలో వందలాది స్త్రీలు సామ్రాజ్య సైన్యం తుపాకుల ఎదుట నిలబడ్డారు. ఆ సంగతి మాత్రం ఏదో ఒక మూల రెండు వాక్యాలలో ముగిసిపోతూ ఉంటుంది. స్త్రీల స్వేచ్ఛను ముసుగు ఉండటం, పోవటం అనే ఒకే కొలబద్దతో కొలవటం అలవాటైన రచయితలకు 1919 మార్చి అంతగా అక్కరకు రాదు కాబోలు.

ఈజిప్టును బ్రిటిష్ వారు 1882లో ఆక్రమించారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన పిదప, 1914 డిసెంబరులో, దానిని తమ రక్షిత రాజ్యంగా ప్రకటించారు. యుద్ధకాలంలో లక్షలాది రైతులను లేబర్ కోరు పేరిట పనికి తోలుకుపోయారు. ఒంటెలను, గాడిదలను, ధాన్యాన్ని సైన్యం స్వాధీనం చేసుకున్నది. మగదిక్కు లేని పల్లె ఇండ్లలో ఆ భారమంతా స్త్రీల మీదనే పడింది. యుద్ధం ముగియగానే, 1918 నవంబరు 13న, సఅద్ జగ్లూల్, అలీ షఅరావీ, అబ్దుల్ అజీజ్ ఫహ్మీ అనే ముగ్గురు నాయకులు బ్రిటిష్ హైకమిషనరు వింగేట్‌ను కలిసి స్వాతంత్ర్యం కోరారు. ‘వఫ్ద్’ పక్షానికి పునాది పడింది ఆ రోజుననే. 1919 మార్చి 8న జగ్లూల్‌ను, మరి ముగ్గురిని నిర్బంధించి మాల్టా ద్వీపానికి పంపివేశారు. మరునాటి నుండే విద్యార్థులు, ఆ వెంటనే న్యాయవాదులు, ట్రాము కార్మికులు, రైల్వే పనివారు వీధులలోకి వచ్చారు. పల్లెలలో రైలు పట్టాలు ఊడబెరికారు, టెలిగ్రాఫు తీగలు తెగిపోయాయి. అల్-అజ్‌హర్ మస్జిదు మింబరు మీద నుండి సెర్గియస్ అనే కోప్టిక్ క్రైస్తవ గురువు ప్రసంగించాడు. నెలవంక, సిలువ కలిసి ఉన్న జెండాలు కనిపించాయి.

ఈ ఉప్పెనలో మొదట ప్రాణాలు కోల్పోయిన స్త్రీలు పాషాల కుటుంబాలవారు కారు. హమీదా ఖలీల్, షఫీఖా బిన్తె ముహమ్మద్ వంటి సామాన్య స్త్రీలు సైనికుల గుండ్లకు బలియైనారు. వారిని గురించి పేర్లకు మించి చరిత్రలో మిగిలినది బహు స్వల్పం. వ్రాయను చదువను నేర్చిన ఉన్నత కుటుంబాల స్త్రీలు తమ జ్ఞాపకాలను తామే నమోదు చేసుకోగలిగారు. పట్టాలు పెరికిన రైతు స్త్రీకి ఆ అవకాశం లేదు.

మార్చి 16 నాటి ఊరేగింపు మాత్రం ఉన్నత కుటుంబాల స్త్రీలు పూనుకొని జరిపినదే. దానికి ముందు నిలిచినది అలీ షఅరావీ భార్య హుదా. ఆమె 1879లో జన్మించింది. పదమూడేండ్ల ప్రాయంలో, తనకు సంరక్షకుడుగా ఉన్న, తనకన్న ఎంతో పెద్దవాడైన దగ్గరి బంధువుతో ఆమె నికాహ్ జరిగింది. కొద్దికాలానికే ఏడేండ్లపాటు ఆమె భర్తకు దూరంగా నివసించింది. తరువాతి కాలంలో బాలికల వివాహ వయస్సు విషయమై ఆమె అంతగా పట్టుబట్టుటకు ఈ అనుభవం కారణం కాదని అనలేము. 1919 నాటికి భార్యాభర్తలు రాజకీయాలలో సహచరులు. భర్తను ఏ క్షణాన నిర్బంధిస్తారో తెలియదు గనుక వఫ్ద్ వ్యవహారాలన్నీ ఆమెకు ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండేవి.

ఊరేగింపుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అయినా స్త్రీలు బయలుదేరారు. నల్లని దుస్తులు, తెల్లని ముఖముసుగులు, చేతులలో నల్లని గుడ్డపై తెల్లని అక్షరాలతో అరబ్బీలోను ఫ్రెంచిలోను వ్రాసిన నినాదాలు. నలుపు సంతాపానికి గుర్తు. ఎందరు వచ్చారన్న దానిపై గ్రంథాలలో ఏకాభిప్రాయం లేదు. దాదాపు 300 మంది అన్నది ఎక్కువగా కనిపించే సంఖ్య. విదేశీ రాయబార కార్యాలయాలకు వెళ్ళి, నిరాయుధులపై కాల్పులను ఖండించే వినతిపత్రం అందజేయాలన్నది మొదటి ఆలోచన. కాని ముందు వరుసలలోనివారు సఅద్ జగ్లూల్ ఇంటివైపు మళ్ళారు. ఆ ఇంటిని ప్రజలు ‘బైతుల్ ఉమ్మా’, అనగా జాతి గృహం, అని పిలిచేవారు. జగ్లూల్ భార్య సఫియా భర్త ప్రవాసంలో ఉన్నంతకాలం ఆ ఇంటి తలుపులు ఉద్యమానికి తెరచియే ఉంచింది. ‘ఈజిప్షియన్ల తల్లి’ అన్న బిరుదు ఆమెకు ఊరికే రాలేదు.

ఆ ఇంటికి సమీపంలో సైనికులు స్త్రీలను చుట్టుముట్టారు. దాదాపు మూడు గంటలపాటు ఎండలో నిలబెట్టారు. తనవైపు తుపాకి గురిపెట్టిన సైనికునితో హుదా ఎడిత్ కావెల్ పేరు ప్రస్తావించింది. ఎడిత్ కావెల్ 1915లో జర్మనులు కాల్చి చంపిన బ్రిటిష్ నర్సు. ఆమె మరణాన్ని బ్రిటిష్ వారు యుద్ధకాలమంతా జర్మనుల క్రూరత్వానికి నిదర్శనంగా చాటారు. ఈజిప్టుకు కూడా ఒక కావెల్‌ను ప్రసాదించమని ఆ సైనికునే కోరటంలోని వ్యంగ్యం అతనికి అర్థమైనదో లేదో గాని, పై అధికారులకు మాత్రం అర్థమై ఉంటుంది. స్త్రీలపై కాల్పులు జరిపితే ప్రపంచం ఏమనుకుంటుందో వారికి తెలుసు. వదిలివేస్తే నగరమంతా ఏమవుతుందో కూడా తెలుసు. కైరో పోలీసు అధికారి థామస్ రస్సెల్ ఆనాటి ఇబ్బందిని తన తండ్రికి వ్రాసిన లేఖలో వర్ణించాడు. వలయంగా నిలిపిన ఈజిప్షియన్ పోలీసులను ఆ స్త్రీలు నిలదీసిన తీరు కూడా ఆ లేఖలో ఉంది. చివరకు స్త్రీలు వెనుదిరిగారు, వినతిపత్రం మాత్రం రాయబార కార్యాలయాలకు చేరింది. కవి హాఫిజ్ ఇబ్రాహీం ఆ స్త్రీలపై దండెత్తిన సైన్యం ‘పరాక్రమాన్ని’ ఎగతాళి చేస్తూ ఒక పద్యం రచించాడు. ఏప్రిల్ 7న జగ్లూల్ విడుదలైనాడు.

ఇంతవరకు కథ జాతీయోద్యమానిది. స్త్రీల ప్రశ్న అసలు మొదలైనది ఇక్కడినుండే. 1920 జనవరిలో వఫ్ద్ మహిళా కేంద్ర సంఘం ఏర్పడి, హుదాను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నది. చందాలు సేకరించుట, బ్రిటిష్ వస్తువులను బహిష్కరించుట, నాయకులు జైళ్ళలో ఉన్నప్పుడు సందేశాలు అందజేయుట, ఇవన్నీ స్త్రీలే నిర్వహించారు. అయినా ఆ సంవత్సరాంతంలో మిల్నర్ ప్రతిపాదనలపై నిర్ణయం తీసుకొనవలసి వచ్చినప్పుడు పురుష నాయకులు తమ సొంత మహిళా సంఘాన్ని సంప్రదించనేలేదు. సంఘం ఆ అసంతృప్తిని దాచుకొనక బహిరంగంగానే ప్రకటించింది. వీధిలో నిలిచేటప్పుడు సోదరీమణులైనవారు ఆలోచనా మందిరంలో అపరిచితులైనారు.

1922 ఫిబ్రవరి 28న బ్రిటన్ కొన్ని షరతులతో ఈజిప్టు స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది. 1923 ఏప్రిల్‌లో వెలువడిన రాజ్యాంగం 3వ అధికరణం ఈజిప్షియన్లందరికీ పౌర, రాజకీయ హక్కులలో సమానత్వం ఉన్నదని చెప్పింది. అదే నెలలో వచ్చిన ఎన్నికల చట్టం ఓటును పురుషులకు పరిమితం చేసింది! 1924 మార్చిలో పార్లమెంటు ప్రారంభోత్సవానికి మంత్రుల భార్యలుగా తప్ప స్త్రీలకు ఆహ్వానం లేకపోయింది. వారు ద్వారం వెలుపల నినాదాల పలకలు పట్టుకొని నిలబడ్డారు. లోపల అధికారం చేపట్టినది వారు ఎవరి విడుదల కోసం ఎండలో నిలబడ్డారో ఆ జగ్లూల్ ప్రభుత్వమే.

ఈ డిమాండ్లన్నీ ఐరోపా నుండి దిగుమతి అయినవని ఆనాడూ విమర్శ వచ్చింది, తరువాతా వచ్చింది. సగం సత్యమున్న విమర్శ ఇది. రోమ్ సభకు వెళ్ళినవారు ఐరోపా మహిళా సంఘాల పద్ధతులను అనుసరించిన మాట నిజం. వారి పత్రిక కూడా మొదట ఫ్రెంచి భాషలోనే వెలువడింది. అయితే 1911లో మలక్ హిఫ్నీ నాసిఫ్ అనే ఉపాధ్యాయిని ఈజిప్షియన్ మహాసభకు పంపిన పది కోర్కెల పత్రాన్ని చూడవలసి ఉంది. విద్య, వివాహ విషయాలతోపాటు, స్త్రీలకు మస్జిదులలో నమాజు చేసి ధర్మప్రసంగాలు వినే అవకాశం కల్పించాలని ఆమె కోరింది. ముసుగు తీసివేతను తొందరపడి రుద్దరాదని వాదించినది కూడా ఆమెయే. సభలో ఆ పత్రాన్ని చదివినది ఒక పురుషుడు. సభ దానిని త్రోసిపుచ్చింది. 1918లో మలక్ ముప్పదియొక్క ఏండ్ల వయస్సులో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించింది. మార్చి ఊరేగింపును ఆమె చూడలేదు. 1930ల నడుమ జైనబ్ అల్-గజాలీ అనే యువతి కొద్దికాలం హుదా సంఘంలో ఉండి, విడిపోయి ముస్లిం మహిళల సంఘాన్ని స్థాపించింది. స్త్రీకి కావలసిన హక్కులన్నీ ఇస్లాంలోనే ఉన్నవని, వేరొక చోట వెదకనక్కరలేదని ఆమె వాదన. ఇద్దరి దారులు వేరైనా, స్త్రీ సంఘం పెట్టవచ్చును, వేదిక ఎక్కవచ్చును అన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు.

చట్టాల విషయం మరికొంత వివరంగా చెప్పుకోవాలి, ఏలనంటే సామాన్య స్త్రీ జీవితాన్ని తాకినవి అవే. 1923 డిసెంబరులో వివాహ నమోదుకు బాలికకు 16, బాలునికి 18 సంవత్సరాల కనీస వయస్సు నిర్ణయిస్తూ చట్టం వచ్చింది. స్టేషనులో ముసుగు తీసిన సంవత్సరమే వచ్చిన ఈ చట్టం ఎందరికి జ్ఞాపకమున్నది? ఈజిప్టు కాజీ న్యాయస్థానాలు హనఫీ ఫిఖ్‌హ్‌ను అనుసరించేవి. హనఫీ మతం ప్రకారం మనోవర్తి ఇవ్వని భర్త నుండి, హింసించే భర్త నుండి స్త్రీకి విడుదల దాదాపు అసాధ్యం. మాలికీ మతంలో ఆ అవకాశం ఉంది. 1920 నాటి 25వ చట్టం మనోవర్తి ఇవ్వకపోవుటను, 1929 నాటి 25వ చట్టం భార్యకు కలిగే హానిని, మాలికీ అభిప్రాయం ఆధారంగా విడాకులకు కారణాలుగా అంగీకరించాయి. ఒకే మాటలో పలికిన మూడు తలాఖులు ఒక్కటిగానే లెక్కకు వస్తాయని, మత్తులోను బలాత్కారంతోను చెప్పిన తలాఖ్ చెల్లదని కూడా 1929 చట్టం నిర్దేశించింది. బహుభార్యాత్వానికి షరతులు విధించే ప్రతిపాదన ఒకటి అంతకు ముందు ముసాయిదాలో ఉండేది. రాజు ఫువాద్ ఆమోదం లేక అది పక్కకు పోయింది.

మన దేశంలో ఇదే చిక్కు ఇదే దారిన విడిపోవుట గమనించదగినది. హనఫీ మతానుసారం భర్త నుండి విడుదల దొరకని స్త్రీలు కొందరు గత్యంతరం లేక మతం మారుతున్నారన్న ఆందోళన కలిగినప్పుడు, మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల ఆరంభంలో ‘అల్-హీలతున్ నాజిజా’ అన్న గ్రంథంలో మాలికీ అభిప్రాయాలను స్వీకరించవచ్చునని నిరూపించారు. దాని ఫలమే 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం. నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ న్యాయస్థానాలలో ముస్లిం స్త్రీలు ఆశ్రయించేది దీనినే. ఒక దేశంలో వీధి ఊరేగింపులు, మరొక దేశంలో దారుల్ ఇఫ్తాలు ఒకే సమస్యకు ఒకే గ్రంథసంపుటి నుండి జవాబు వెదికాయి.

ఓటుహక్కు కొరకు మరల వీధి ఎక్కవలసి వచ్చింది. 1951 ఫిబ్రవరి 19న దుర్రియా షఫీఖ్ నాయకత్వాన దాదాపు 1500 మంది స్త్రీలు కైరోలోని ఒక సభాభవనం నుండి నడచివెళ్ళి పార్లమెంటులోనికి ప్రవేశించారు. వాగ్దానాలు వచ్చాయి, ఓటు రాలేదు. 1952లో అల్-అజ్‌హర్ ఫత్వా సంఘం స్త్రీకి ఓటుహక్కును, శాసనసభ్యత్వాన్ని వ్యతిరేకించింది. 1954 మార్చిలో దుర్రియా నిరాహారదీక్ష పూనింది. 1956 రాజ్యాంగంతో ఓటు లభించింది. అందులోనూ ఒక మెలిక ఉంది: పురుషునికి ఓటరుగా నమోదు విధి, స్త్రీ కోరుకొని దరఖాస్తు పెట్టుకుంటేనే నమోదు. 1957లో రావియా అతియ్యా, అమీనా షుక్రీ అనే ఇద్దరు స్త్రీలు సభకు ఎన్నికైనారు. అదే సంవత్సరం, నాసర్ పాలనను నియంతృత్వమని విమర్శించినందుకు, దుర్రియా షఫీఖ్ గృహనిర్బంధానికి గురియైనది. 1975లో ఆమె మరణించేనాటికి ఆమె పేరు పత్రికలలో కనిపించటం మానివేసి చాలాకాలమైంది.

2011లో తహ్రీర్ మైదానంలో ముబారక్‌ను దించిన జనంలో స్త్రీలు పురుషుల పక్కనే ఉన్నారు. అదే సంవత్సరం మార్చి 8న తమ హక్కులు కోరుతూ అక్కడికే వచ్చిన స్త్రీలపై దాడి జరిగింది. మరునాడు సైన్యం నిర్బంధించిన యువతులకు అవమానకరమైన కన్యత్వ పరీక్షలు జరిపింది. డిసెంబరులో సైనికులు ఒక స్త్రీని వీధిలో ఈడ్చి కొట్టిన దృశ్యం లోకమంతా చూసిన తరువాత, డిసెంబరు 20న వేలాది స్త్రీలు కైరోలో ఊరేగింపు జరిపారు. వారి చుట్టూ పురుషులు రక్షణగా వలయం కట్టి నడిచారు. 1919లో స్త్రీల చుట్టూ వలయం కట్టినది పోలీసులు.

వీధిలో జరిగే దానికి, కాజీ ఎదుట జరిగే దానికి కాలం ఒకటిగా నడవదు. 2000 సంవత్సరపు 1వ చట్టం భర్త అంగీకారం లేకున్నా న్యాయస్థానం ద్వారా ఖులా పొందే హక్కును స్త్రీకి ఇచ్చినప్పుడు కైరోలో ఊరేగింపులేవీ లేవు. ఆ చట్టానికి ఆధారం సాబిత్ బిన్ ఖైస్ భార్య ఉదంతం. భర్త శీలంలోను ధర్మంలోను లోపమెంచక, అతనితో జీవించలేనని ఆమె దైవప్రవక్త (స) ఎదుట చెప్పుకొన్నది. మహరుగా పొందిన తోటను తిరిగి ఇచ్చెదవా అని ఆయన అడిగారు. ఇస్తానన్నది. తోట తీసుకొని తలాఖ్ ఇమ్మని సాబిత్‌ను ఆదేశించారు. ఇది బుఖారీలోని హదీసు. ఆ ఆదేశం సలహాయా, తీర్పా అన్నదే ఫుఖహాల నడుమ వాదం. భర్త సమ్మతి తప్పనిసరి అన్నది అధిక సంఖ్యాకుల మతం. ఈజిప్టు చట్టం దానిని తీర్పుగా గ్రహించింది. 2002లో అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించింది. అయితే ఈ మార్గంలో వెళ్ళే స్త్రీ తీసుకొన్న మహర్ తిరిగి ఇవ్వాలి, ఇంకా రావలసిన మహర్‌ను, ఇద్దత్ కాలపు మనోవర్తిని వదులుకోవాలి. సంపాదన ఉన్న స్త్రీకి అది చిన్న వెల. ఇతర ఆధారం లేని స్త్రీ మాత్రం హాని నిరూపించుకొనేందుకు 1929 నాటి చట్టం క్రింద ఏండ్ల తరబడి న్యాయస్థానం చుట్టూ తిరగవలసిందే.