కొలెస్ట్రాల్ మందు – రొమ్ము క్యాన్సర్

తిరువూరు మొదలు ప్రపంచంలో ఏ ఊరి మందుల షాపులో అడిగినా స్టాటిన్ మాత్రలు దొరుకుతాయి. రక్తంలో కొలెస్ట్రాల్ హెచ్చినవారికి వైద్యులు వీటిని వ్రాసి ఇస్తారు. 1973లో జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో ఒక బూజు నుండి మొదటి స్టాటిన్‌ను కనుగొన్నాడు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి తోడ్పడే ఎంజైమును ఇది అడ్డగిస్తుంది.

దీనికి, రొమ్ము క్యాన్సర్‌కు సంబంధమేమిటి? కణం చుట్టూ ఉండే పొరకు కొలెస్ట్రాల్ అవసరం. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకు అది మరింత కావాలి. అంతేగాక, కొలెస్ట్రాల్ నుండి ఏర్పడే ఒక పదార్థం ఈస్ట్రోజన్ హార్మోను వలె పనిచేసి కొన్ని రొమ్ము కణుతులను పెంచుతుందని 2013లో ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో తేలినది.

డెన్మార్కులో 18,769 మంది రోగుల వివరాలు పరిశీలించగా, సింవాస్టాటిన్ వాడినవారిలో వ్యాధి తిరగబెట్టడం తక్కువగా కనిపించినది. ఈ ఫలితం 2011లో వెలువడినది.

అయితే మేలు మాత్రవల్లనే కలిగినదా? తిరువూరు బడిలో బూట్లు తొడిగిన పిల్లలకు మార్కులు హెచ్చుగా వచ్చినవనుకొందాం. ఆ మార్కులు బూట్ల మహిమ అనగలమా? స్టాటిన్ వాడేవారు తరచుగా వైద్యుని కలుసుకొనేవారు కూడా కావచ్చును.

అందుచేత చీట్లు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు స్టాటిన్, రెండవ జట్టుకు మందులేని మాత్ర ఇచ్చి పోల్చాలి. అటువంటి పరీక్ష డెన్మార్కులో 2020లో ప్రారంభమయినది.

రుజువు కానంతవరకు స్టాటిన్‌ను క్యాన్సర్ మందుగా ఎవరూ స్వయంగా వాడరాదు. వైద్యులు నిర్ణయించిన చికిత్సను మానరాదు. రొమ్ములో గడ్డ తగిలితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించడమే నేటికి నిశ్చయంగా మేలు చేసే పని.