అమ్మయ్యాక ఐదో ఒలింపిక్స్!

కిందటి వేసవి సెలవుల్లో మా అమ్మాయిని ఈతకి తీసుకెళ్లేదాన్ని. కొలను గట్టున సిమెంటు బెంచీ మీద అమ్మలం ఆరేడుగురం తువ్వాళ్లూ, బిస్కెట్ పొట్లాలూ ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లం. ‘మీరూ దిగకూడదా ఆంటీ?’ అని నేర్పే అమ్మాయి అడిగితే అందరం ఒక్కసారే నవ్వేశాం. ‘ఇద్దరు పిల్లలు పుట్టాక ఈతేమిటమ్మా!’ అన్నారొకావిడ. నేనూ తలూపాను. ఇంటికొచ్చి బట్టలు ఆరేస్తుంటే డారా టోరెస్ గుర్తొచ్చింది. తలూపినందుకు కాస్త సిగ్గేసింది కూడా.

డారా అమెరికా స్విమ్మర్. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో రిలే జట్టుతో స్వర్ణం అందుకునేనాటికి ఆమెకి 17 ఏళ్లు. 1988 సియోల్‌లో రజతం, కాంస్యం. 1992 బార్సిలోనాలో మళ్లీ రిలే స్వర్ణం. ఇవన్నీ నలుగురితో కలిసి గెలిచినవే. పైకి మెరుస్తున్న ఈ రోజుల వెనక ఓ చీకటి ఉంది. కాలేజీలో ఉండగా బరువు పెరుగుతానేమోనన్న భయంతో తిన్నది తిన్నట్టే కక్కేసుకునే జబ్బు ఆమెని ఏళ్ల తరబడి పట్టి పీడించింది. తర్వాత ఆ సంగతి తనే బయటికి చెప్పుకుంది. ఈత మానేసి, టీవీలో పనిచేసింది. ఏడేళ్లు పోటీల వైపు చూడలేదు.

అక్కడితో కథ అయిపోవాలి కదా! కాలేదు. 2000 సిడ్నీలో 33 ఏళ్ల వయసులో ఏకంగా ఐదు పతకాలు తెచ్చుకుంది. అందులో రెండు స్వర్ణాలు రిలేలవి. మిగిలిన మూడూ కాంస్యాలే అయినా, జట్టు అండ లేకుండా తనొక్కతే సాధించిన తొలి పతకాలు అవే. మళ్లీ విరమణ.

ఆ తర్వాత కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్లు తట్టుకోలేక, కాస్త ఉపశమనంగా ఉంటుందని ఫ్లోరిడాలో పెద్దవాళ్ల బృందంతో కలిసి ఈదడం మొదలుపెట్టింది. పక్క లేన్లో ఎవరైనా దాటిపోతే మాత్రం ఊరుకునేది కాదట! అలవాటు ఎక్కడికి పోతుంది? 2006 ఏప్రిల్‌లో, 39 నిండిన కొద్దిరోజులకే కూతురు పుట్టింది. 2007 ఆగస్టులో, పాప ఇంకా తప్పటడుగులు వేసే వయసులోనే, అమెరికా జాతీయ పోటీల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచింది. బీజింగ్ ఒలింపిక్స్‌కి ముందు ఏడాదిలోపే భుజానికీ మోకాలికీ ఆపరేషన్లు జరిగాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇదంతా మనోబలం ఒక్కదానితో జరిగింది కాదు. ఆమె వెనక కోచ్‌లతో పాటు కసరత్తు చేయించేవాళ్లూ, కండరాలు సాగదీసేవాళ్లూ, మర్దన చేసేవాళ్లూ ఉన్నారు. పాపని చూసుకోడానికి ఆయా ఉంది. ‘సంకల్పం ఉంటే చాలు’ అనేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. ఉదయం ఐదింటికి ఆమె నీళ్లలో ఉంటే బిడ్డ ఎవరి చేతుల్లో ఉంది? ఆ చేతులు ఉన్నాయి కాబట్టే ఆమె వెళ్లగలిగింది. లేని వాళ్లలో ఎంతమంది డారాలు వంటింట్లో ఉండిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

ఈ వయసులో ఇంత వేగమా అని కొందరు గుసగుసలాడారు. ‘మందులేమైనా వాడుతోందేమో’ అన్నారు. ఆమె గొడవపడలేదు. నా రక్తం, మూత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు పరీక్షించుకోండని తనే వెళ్లి అధికారుల్ని అడిగింది.

బీజింగ్‌లో 50 మీటర్ల సెమీఫైనల్. అందరూ దూకడానికి సిద్ధమవుతుండగా స్వీడన్ అమ్మాయి థెరీస్ ఆల్షమ్మర్ ఈత దుస్తులు చిరిగిపోయాయి. డారా అధికారుల దగ్గరికెళ్లి, ఆమె వచ్చేదాకా ఆగమని చెప్పింది. తనని ఓడించగల మనిషి కోసం పోటీ ఆపించింది మరి!

మర్నాడు, ఆగస్టు 17న, ఫైనల్. గెలిచిన జర్మనీ యువతి బ్రిటా స్టెఫెన్ టైము 24.06 సెకన్లు. డారాది 24.07. తేడా సెకనులో నూరో వంతు! రాత్రి గోళ్లు అరగదీసుకోకుండా ఉండాల్సిందని తర్వాత డారా నవ్వుతూ అంది. డారా తొలి స్వర్ణం అందుకున్ననాడు ఈ స్టెఫెన్ ఎనిమిది నెలల పసిపాప. మూడోస్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా పిల్ల కేట్ క్యాంప్‌బెల్‌కి 16 ఏళ్లు. అంటే అప్పటికింకా పుట్టనేలేదు.

ఆ ఓటమి తర్వాత గంటైనా కాకుండానే మళ్లీ మెడ్లే రిలేలో ఆఖరి వంద మీటర్లు ఈదింది. రిలేల్లో అప్పటిదాకా ఏ మహిళా అంత వేగంగా వంద మీటర్లు ఈదలేదు. 52.27 సెకన్లు! మొత్తం మూడు రజతాలతో ఇంటికొచ్చింది. ఐదు ఒలింపిక్స్‌లో పన్నెండు పతకాలు. స్వర్ణం నాలుగు, రజతం నాలుగు, కాంస్యం నాలుగు.

2012లో 45 ఏళ్లప్పుడు ఆరో ఒలింపిక్స్ కోసం మళ్లీ పోటీకి దిగింది. మొదటి ఇద్దరికే అవకాశం. సెకనులో తొమ్మిది నూరోవంతుల తేడాతో ఆ చోటు తప్పిపోయింది. నాలుగో స్థానంలో ఆగిపోయింది. అప్పటికి పాపకి ఆరేళ్లు. 2024లో బోస్టన్ కాలేజీ ఈత జట్టుకి హెడ్ కోచ్‌గా చేరింది.

మా బెంచీ మీదున్నావిడ మొన్న బజార్లో కనిపించింది. ‘ఆడవాళ్ల బ్యాచ్ పొద్దున ఆరింటికట. ఆ టైముకి మా ఇంట్లో క్యారేజీలు కట్టాలి’ అంది. మా ఇంట్లోనూ అంతే. ఒకరోజు మావారినీ, ఒకరోజు వాళ్లాయన్నీ కట్టమంటే ఎలా ఉంటుందా అని ఇద్దరం అక్కడే నిలబడి లెక్కలేసుకున్నాం.